సోదరీమణులతో: ఆఫ్రికాఖండమునకు చదువునకై పోవు ఆడుబిడ్డ

పత్తికొండనుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ మాసమున మాకు చేరినది. పేరు ప్రకటింపవలదని కోరినారు గనుక ప్రకటించుట లేదు. వారి రెండవ కుమార్తె బి.ఏ. ముగించి అమెరికాలో ఎం.ఏ. చదువుచున్నది. ఆ విశ్వవిద్యాలయమువారు వేసవిలో ఆరు వారములపాటు తమ విద్యార్థులను ఆఫ్రికాఖండమునకు తోడ్కొనిపోయి, అచ్చట "అభివృద్ధియు భద్రతయు" అను విషయమును బోధింతురట. పిల్ల పోయెదనని పట్టుపట్టినది. తండ్రి కూడదన్నారు. పెద్దకొడుకు దండుగ వ్యయమనుచున్నాడు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు, "అమెరికా అనిన సరే, ఆఫ్రికాకు పోయివచ్చిన పిల్లను ఎవరు చేసికొందురమ్మా" యని పెదవి విరుచుచున్నారు. నెలాఖరులోగా సొమ్ము కట్టవలెను. "అక్కా, ఆఫ్రికా అనిన నాకు సింహములు, కరువు, తుపాకులు ఈ మూడే తెలియును. నేను అవుననవలెనా, కాదనవలెనా?" అని ఆమె అడిగినారు.

ముందుగా ఆ మూడింటి సంగతి. ఆఫ్రికా యనునది ఒక దేశము కాదు. మన భారతదేశమువంటివి తొమ్మిదింటిని ప్రక్కప్రక్కన పరచిన ఎంత యగునో అంతటి ఖండమది. ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము గల దేశములే అందు 54 కలవు. ఒకచోట యుద్ధము జరుగుచుండును. అచ్చటికి వేయి క్రోసుల దూరమున పిల్లలు సంచులు తగిలించుకొని బడికి పోవుచుందురు. కాశ్మీరమున కాల్పులు జరిగినవని పత్తికొండ సంతకు పోవుట మానుదుమా? కావున "ఆఫ్రికాకు పంపవచ్చునా" యను ప్రశ్నకు ప్రత్యుత్తరమే లేదు. "ఏ దేశమునకు, ఏ పట్టణమునకు, ఏ మాసమున" అని అడిగినప్పుడే అది ప్రశ్న యగును. ఈ సోదరి ఆ దేశము పేరు వ్రాయలేదు. బహుశః ఇంట జరిగిన వాదములో దాని నెవరును అడిగియుండరు!

ఇక ఆ చదువు. అభివృద్ధి, భద్రత యను రెండు మాటలు విని మగవారు ఇదేదో సేనల లెక్కయని తలచుట కలదు. పూర్వము భద్రత యనిన కోటయు, ఫిరంగియు, సరిహద్దుమీది సిపాయియునే. 1994వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితివారు ప్రకటించిన మానవాభివృద్ధి నివేదికలో, పాకిస్థాను దేశీయుడైన మహబూబ్ ఉల్ హక్ అను ఆర్థికశాస్త్రవేత్త పూనికతో, ఈ మాటకు అర్థము మారినది. తిండి, పని, ఆరోగ్యము, నీరు నేల గాలి, ఒంటికి దెబ్బ తగులదను ధైర్యము, తన కులమువారు తన మతమువారు బ్రదుకగలరను నమ్మకము, మాటాడు స్వేచ్ఛ, ఇవన్నియు కలిసియే భద్రతయని అందు నిర్ణయించిరి. ఇల్లాలికిది క్రొత్త శాస్త్రము కాదు. పాతరలో జొన్నలున్నవా, బావిలో నీరున్నదా, ప్రొద్దుగూకిన పిదప కొడుకు ఇల్లు చేరెనా యని ఆమె నిత్యము చూచుకొను లెక్కయే ఇది. కక్షలు గల గ్రామమున బావి త్రవ్వుటకు అప్పెవరిత్తురు? బావి లేని గ్రామమున పనిలేక తిరుగు పడుచువాడు కక్షదారు వెంట పోక యేమి చేయును? ఏది ముందు, ఏది వెనుక? కడుపు నిండిన పిదప శాంతియా, శాంతి కలిగిన పిదప కడుపు నిండుటయా? ఈ ప్రశ్నను అచ్చటి ఊళ్లలో, కార్యాలయములలో, శరణార్థుల నడుమ అడిగి తెలిసికొనుటయే ఆ పిల్ల చదువబోవునది. రాయలసీమలో పుట్టిన బిడ్డకు ఈ ప్రశ్న యుగ్గుపాలతోనే వచ్చినది. అమెరికా పిల్లలు దానిని పుస్తకము తెరచి నేర్చుకొనవలెను.

ఆ సోదరి యింటికి అంత దూరము కాని ఒక బండను గూర్చి చెప్పెదము. పత్తికొండ గుత్తి మార్గమున ఎర్రగుడి యను గ్రామము కలదు. అచ్చటి బండలపై అశోకచక్రవర్తి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున చెక్కించిన పదునాలుగు ధర్మశాసనములును, చిన్న శాసనములును ఉన్నవి. పత్తికొండకు చేరువనే రాజులమందగిరియందును ఒక చిన్న శాసనము కలదు. ఎర్రగుడి రెండవ శాసనములో ఆ రాజు, తన సీమలోను పొరుగు రాజులయొక్క సీమలలోను మనుష్యులకును పశువులకును వైద్యము నేర్పరచితిననియు, మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించితిననియు, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించితిననియు చెప్పుకొన్నాడు. పదుమూడవ శాసనములో కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షన్నరమంది చెరగొనిపోబడిరనియు చెప్పి దుఃఖించినాడు. తన ధర్మము చేరిన దూరదేశపు రాజులను పేర్కొనుచు అందే తురమాయ, మక యను ఇరువురిని చెప్పినాడు. తురమాయ యనగా ఈజిప్టునేలిన టాలమీ. మక యనగా సైరీను నేలిన మాగస్. సైరీను నేటి లిబియాలోనిది. రెండును ఆఫ్రికాఖండమందలివే. పత్తికొండ సీమలోని బండకు ఇన్నూట ఇరువది దశాబ్దములకు పైగా ఆఫ్రికా తెలిసియుండగా, మనకు మాత్రము సింహములు తప్ప మరేమియు తెలియక పోవుట వింతగా నున్నది. ఒకే బండపై బావులును, యుద్ధమున చచ్చినవారి లెక్కయు చెక్కబడుటయు గమనింపదగినది.

అంత వెనుకకు పోనక్కరలేదు. 1800వ సంవత్సరమున నిజాము నవాబు తన రక్షణకై కుంఫిణీవారి పటాలములను పోషించు వ్యయమునకు బదులుగా బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలులో పత్తికొండ మొదలగు భాగములను వారికి దత్తము చేసెను. అందుచేత దత్తమండలములను పేరు వచ్చి, 1928వరకు, నంద్యాల సభలో రాయలసీమ యను పేరు వెలయువరకు, అదియే నిలిచినది. ఒకరి భద్రతకు మరియొకరి నేల వెలయైనది. ఆ మండలములను మొట్టమొదట పాలించిన తామసు మన్రో, పాళెగాండ్ర నణచి, పొలములు కొలిపించి, రైతువారీ శిస్తు నిర్ణయించెను. గవర్నరై మరల ఈ ప్రాంతమునకు వచ్చి 1827 జులై 6వ తేదీన పత్తికొండయందే కలరా తగిలి మరణించెను. ఆయన పేర అచ్చట నూయియు తోపును ఏర్పరచిరి. ఆఫ్రికాలో జిబూటీ యను చిన్న దేశము నేడు అమెరికా, ఫ్రాన్సు, జపాను, చైనా సేనలకు తన తీరమున చోటిచ్చి అద్దె గొనుచున్నది. ఆ అద్దెతో ఊళ్లకు నీళ్లు వచ్చునా, లేక సేనలకు మాత్రమే వచ్చునా యని విచారించు విద్యార్థినికి దత్తమండలముల కథ తెలిసియుండుట యెంత మేలు!

పత్తికొండ సోదరికి సుళువుగా బోధపడునది వజ్రముల సంగతి. తొలకరి జల్లు పడినంతనే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలములలో జనము వంగి నడచుటను ఆమె చూచియే యుందురు. ఊరూరినుండి సంసారములతో వచ్చి, చెట్లక్రింద వండుకొని తిని, ఎర్రమట్టిలో కన్నులు దించుకొని వెదకుదురు. దొరికినవానికి దొరికినట్లు, వర్తకులు బేరమాడుదురు, దొరకనివారు వేరుసెనగ విత్తుటకు ఇల్లు చేరుదురు. పొలముగల రైతు త్రొక్కిన చేనినిగూర్చి నాలుగు తిట్లు తిట్టును, అంతటితో సరి. ఆఫ్రికా పశ్చిమతీరమున సియెర్రా లియోనె యను దేశమున్నది. అచ్చటను అట్లే, వాగుల ఒడ్డున జల్లెడపట్టి పేదలు వజ్రములు ఏరుదురు. 1991నుండి 2002వరకు ఆ దేశమున అంతర్యుద్ధము జరిగినది. తిరుగుబాటుదారులు వజ్రములు దొరకు తావులను పట్టుకొని, రాళ్లనమ్మి తుపాకులు కొనిరి. పసివాండ్రను సిపాయిలుగా చేసిరి. ఎదిరించిన పల్లెవారి చేతులు నరికిరి. ఆ నెత్తుటి రాళ్లు లోకమున మన బంటి స్త్రీల చెవులకు, ముక్కులకు చేరకుండుటకై దేశములన్నియు కూడి, వజ్రము ఎక్కడ పుట్టినదో తెలుపు పత్రము లేనిదే ఎగుమతి చేయరాదని ఒక కట్టడి చేసి 2003లో అమలునకు తెచ్చిరి. దానికి కింబర్లీ ఏర్పాటని పేరు. అది లోపములు లేనిది కాదు. తిరుగుబాటుదారు అమ్మినది నెత్తుటిరాయి యనును గాని, కూలివానిని పీడించి తీయించినదానిని అట్లనదు.

అదే రాయి బోట్స్వానా దేశమున దొరకినది. 1966లో స్వతంత్రమైనపుడు అది నిరుపేద దేశము. నేలలో ముప్పాతికపాలు ఎడారి. మరుసటి యేడే వజ్రములు కనుగొనబడినవి. ప్రభుత్వము గనులలో తన వాటాను గట్టిగా అడిగి తీసికొని ఆ ధనముతో బడులు, ఆసుపత్రులు, బాటలు వేయించినది. అంతర్యుద్ధము రాలేదు. రాయి రెండుచోట్లను ఒకటియే గదా; మరి ఒకచోట రక్తము, ఒకచోట బడి యేల కలిగెను? ఆరు వారములు కాదు, ఆరేండ్లు విచారింపదగిన ప్రశ్నయిది. మరియొక మాట: ఆ దేశమున నాణెమును "పూలా" అందురు. వారి భాషలో దానికి వాన యని అర్థము. వాననే ధనమని పిలుచుకొను జనులను రాయలసీమవారు పరాయివారని ఎట్లందురో మాకు తెలియదు.

స్త్రీల సంగతికి వచ్చెదము. కెన్యా దేశమున న్యేరీ ప్రాంతమున 1940లో వంగారీ మాథాయి యను నామె పుట్టినది. 1960లో ఇల్లు విడిచి అమెరికాకు పోయి, అచ్చట బి.ఎస్‌సి., ఎం.ఎస్. పట్టములు పొంది, తిరిగివచ్చి 1971లో నైరోబీలో డాక్టరు పట్టము పొందినది. తూర్పు, మధ్య ఆఫ్రికాలలో ఆ పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. పల్లెల ఆడువారిని, మీ కష్టమేమి యని అడుగగా, వంటకట్టెలు లేవు, ఊటలెండినవి, పశువులకు మేత లేదు అనిరట. 1977లో ఆమె వారిచేతనే మొక్కలు పెంచి నాటించు ఉద్యమము నారంభించినది. నాటినంత మాత్రమున కాదు, మొక్క బ్రదికినప్పుడే కూలి యిచ్చుట ఆమె నియమము. కోట్లకొలది చెట్లు లేచినవి. అడవులను తమవారికి పంచుకొనజూచిన పాలకులు ఆమెను కొట్టించిరి, చెరబెట్టించిరి. 2004లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. చెట్లు నాటినందుకు శాస్త్రబహుమానము కాక శాంతిబహుమానము వచ్చుట చూడుడు! నీటికై, నేలకై జరుగు తగవులకు వేరు ఎక్కడనున్నదో ఆమె చూపినది గనుకనే అది వచ్చినది.

లైబీరియా దేశపు స్త్రీలు చేసిన పని మరియొక తీరు. ఏండ్లతరబడి సాగిన యుద్ధముతో విసిగి, 2003లో లేమా గ్బోవీ యను నామె వెంట, క్రైస్తవ స్త్రీలును ముసల్మాను స్త్రీలును కలిసి, తెల్లని బట్టలు కట్టి, రాజధానిలో చేపలమ్ము మైదానమున ఎండకు వానకు కూర్చుండిరి. ఘానాలో సంధిమాటలు ఎంతకును తెగకుండగా అచ్చటికి పోయి, ఒప్పందము కానిదే బయటికి రానీయమని ద్వారములకడ అడ్డము కూర్చుండిరి. ఆ యేటి ఆగస్టులో సంధి జరిగినది. తరువాత ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ ఎన్నికయై 2006లో ఆ దేశమునకు అధ్యక్షురాలైనది. ఇరువురకును 2011లో శాంతిబహుమానము పంచి యిచ్చిరి. ఈ కథలో మనకును పాలు కలదు. 2007లో మన దేశపు కేంద్ర రిజర్వు పోలీసు దళమునుండి నూర్గురకు పైబడిన స్త్రీలు శాంతిరక్షకులై లైబీరియాకు పోయిరి. ఐక్యరాజ్యసమితి చరిత్రలో స్త్రీలతోనే కూర్చిన మొదటి పోలీసు దళమది. జట్లు మారుచు 2016వరకు అచ్చట కావలి కాచిరి. వారిని చూచి ఆ దేశపు ఆడుపిల్లలు పోలీసు కొలువులో చేరిరి. బిడ్డలను ఇంట నత్తగార్లకు ఒప్పగించి పోయిన తల్లులు వారిలో నుండిరి. వారి ఊళ్లవారు ఏమనిరో గాని, వారు పోయి వచ్చిరి.

ఇక "ఎవరు చేసికొందురు" అను మాట. ఇందులో దాగియున్నది దూరము కాదు, రంగు. ఇదే పిల్ల ఇంగ్లండుకు పోవునన్నచో అమ్మలక్కలు పసుపు కుంకుమలతో సాగనంపియుందురు. మన ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయములకు ఆఫ్రికానుండి విద్యార్థులు వచ్చి చదువుకొనుచున్నారు. 2016లో బెంగుళూరున టాంజానియా దేశపు విద్యార్థినినొకతెను, ఆమెకు సంబంధమే లేని నేరమునకు, గుంపు మీదబడి కొట్టినది. 2017లో ఢిల్లీ చేరువ గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను కొట్టిరి. ఇండియాకు పంపవచ్చునా యని వారి తల్లులు పొరుగింటివారి నడిగియుండరా? అయినను పంపుచున్నారు. 1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ మదరాసునుండి మన తెలుగు కూలీలను, అరవ కూలీలను నాటాలు తీరమున దింపినది. వారి మునిమనుమలు నేటికిని డర్బానులో తెలుగు పండుగలు చేసికొనుచున్నారు. 1931లోనే అచ్చట ఆంధ్ర మహాసభ ఏర్పడినది. అప్పుడు కూలికై పోయిన ఖండమునకు ఇప్పుడొక ఆడుబిడ్డ చదువుకై పోవుచున్నది.

తిండికి భయపడనక్కరలేదు. మన జొన్న, సజ్జ, రాగి, ఈ మూడును ఆఫ్రికాలో పుట్టి వేలయేండ్ల క్రిందట మనకు వచ్చిన గింజలే. మన పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారు మెట్టపైరులకై ఇచ్చటను, నైజరులోను, కెన్యాలోను ఒకే పని చేయుచున్నారు. కెన్యావారి ఉగాలి మన సంగటికి చెల్లెలు; జొన్నపిండికి మారు మొక్కజొన్నపిండి, అంతే. ఇథియోపియావారు టెఫ్ అను సన్నగింజ పిండిని పులియబెట్టి దోసెవంటి ఇంజెరా పోసి, కారపు పప్పుతో తిందురు. అచ్చటి క్రైస్తవులు బుధ శుక్రవారములయందు మాంసము, పాలు ముట్టరు గనుక ఆ దినములలో శాకాహారికి విందే.

ఇంతకును మా అభిప్రాయమేమనిన, పంపుడు. కాని కన్నులు మూసికొని పంపకుడు. ఇటువంటి చదువులలో మంచివియు కలవు, వట్టి విహారములును కలవు. పేదల గుడిసెలను బస్సులోనుండి చూపి, నాలుగు ఛాయాపటములు తీయించి మార్కులిచ్చునవి లేకపోలేదు. అచ్చటి విశ్వవిద్యాలయపు అధ్యాపకులు బోధింతురా, లేక వెంట వచ్చిన అమెరికా పండితుడే అచ్చటను ఉపన్యసించునా? అచ్చటి విద్యార్థులు తరగతిలో నుందురా? ఈ రెండు ప్రశ్నలకు పిల్ల తెచ్చు సమాధానమునుబట్టి పెద్దకొడుకు చెప్పిన దండుగ మాట తేలిపోవును. ఆ మార్కులు పట్టమునకు లెక్కకు వచ్చునా, విశ్వవిద్యాలయమువారు వేతనసహాయ మేమైన నిత్తురా యని కూడ అడుగవలెను.

తండ్రిగారి భయమును మేము తేలికగా కొట్టివేయము. ఇథియోపియా ఉత్తరభాగమున 2020 నవంబరునుండి రెండేండ్లు ఘోరయుద్ధము జరిగి, 2022 నవంబరులో ప్రిటోరియాలో ఒప్పందమైనది. ఆఫ్రికా యూనియను ప్రధానకార్యాలయము ఆ దేశపు రాజధానియైన అడిస్ అబాబాలోనే యున్నది. శాంతిని గూర్చి చదువువారందరు అచ్చటికి పోగోరుదురు. అపాయము దేశమంతట ఒక్కతీరున నుండదు, ఒక్క ఏడు వలె మరియొక ఏడుండదు. అమెరికా ప్రభుత్వమువారు ప్రతి దేశమునకు ఒకటినుండి నాలుగువరకు అపాయపు మెట్లు నిర్ణయించి ప్రకటింతురు. ప్రయాణదినమునకు ఆ దేశము ఏ మెట్టున నున్నదో చూడవలెను. మెట్టు పెరిగిన యెడల చదువు రద్దగునా, సొమ్ము తిరిగివచ్చునా, జబ్బు చేసిన విమానముపై తరలించుటకు భీమా కలదా యని వ్రాతమూలముగా తెలిసికొనవలెను. అచ్చటి మన రాయబార కార్యాలయమున పేరు నమోదు చేయింపవలెను.

చిన్నవిగా తోచి పెద్ద చిక్కు తెచ్చునవి రెండు. అమెరికా దాటిపోయిన విద్యార్థిని మరల లోపలికి రావలెనన్న వీసాకు గడువు మిగిలియుండవలెను. ఐ–20 పత్రముపై విశ్వవిద్యాలయాధికారి ప్రయాణపు సంతకముండవలెను. ఇది చూచుకొనక పోయిన బిడ్డ ఆఫ్రికాలో కాదు, తిరుగుదారిలో చిక్కుకొనును. రెండవది పసుపుజ్వరపు టీకా. అచ్చటి పెక్కు దేశములకు ఇది కావలెను. ఆ దేశములనుండి నేరుగా మన దేశమునకు వచ్చువారివద్ద ఆ టీకా పత్రము లేనియెడల ఆరు దినములవరకు వేరుగా నిలిపివేయుదురు. టీకా వేసిన పది దినములకు గాని ఆ పత్రము చెల్లదు. ఒకసారి వేసిన, 2016 జులైనుండి వచ్చిన మార్పునుబట్టి, జీవితకాలము చెల్లును. హైదరాబాదులో నారాయణగూడలోని నివారణవైద్య సంస్థయందు వేయుదురు. అమెరికాలో నున్న పిల్ల అచ్చటనే వేయించుకొనవచ్చును. పచ్చని ఆ చిన్నపుస్తకమును పాసుపోర్టుతో కలిపి కుట్టినట్లుగా దాచుకొనుమని తల్లి చెప్పవలెను. మలేరియా మాత్రలు దేశమునుబట్టి వేరు. వైద్యునడిగి పోవుటకు ముందే మొదలుపెట్టి, వచ్చిన పిదపను ఆయన చెప్పినన్ని నాళ్లు మానక మ్రింగవలెను.